షాపు మూలన ఉన్న సర్వర్‌కీ ఎక్స్‌పైరీ డేట్ ఉంది: సపోర్ట్ ఆగిపోయేలోపు అప్‌గ్రేడ్ ప్లాన్ ఇలా వేసుకోండి

కొత్త ఫోన్ కొనేటప్పుడు ప్రాసెసర్, కెమెరా తర్వాత మనం కచ్చితంగా అడిగే ప్రశ్న ఒకటుంది: "ఎన్నేళ్లు అప్‌డేట్లు ఇస్తారు?" పిక్సెల్ 8కి గూగుల్, గెలాక్సీ ఎస్24కి శాంసంగ్ ఏడేళ్లు ఇస్తామని చెప్పాక ఈ ప్రశ్నకి విలువ ఇంకా పెరిగింది. రెండేళ్ల అప్‌డేట్లతో సరిపెట్టే ఫోన్‌ని ఇప్పుడు కామెంట్లలోనే ఉతికి ఆరేస్తున్నాం.

మరి మీ నాన్నగారి షాపులోనో, బాబాయ్ ఏజెన్సీలోనో, మీరు పార్ట్‌టైమ్ చేసే ఆఫీసులోనో ఓ మూల దుమ్ము పట్టి రోజంతా గుయ్యిమంటూ ఉండే ఆ నల్ల డబ్బా సంగతేంటి? ట్యాలీ డేటా, బిల్లింగ్, స్టాక్, జీతాల లెక్కలు, పాత జీఎస్టీ రిటర్నులు అన్నీ అందులోనే. దాని మీద ఏ వెర్షన్ ఉందో, దానికి అప్‌డేట్లు ఎప్పటిదాకా వస్తాయో ఎవరినైనా అడిగి చూడండి. ఎక్కువ చోట్ల వినపడే జవాబు ఒక్కటే: "నడుస్తోంది కదరా, ఇప్పుడెందుకు కదిలించడం?"

చిన్న ఆఫీసులకి ఐటీ డిపార్ట్‌మెంట్ ఉండదు. "మావాడికి కంప్యూటర్లు బాగా తెలుసు" అని చూపించే ఆ "మావాడు" మీరే అయ్యే అవకాశం ఎక్కువ. అందుకే ఈసారి ఫోన్లని కాసేపు పక్కనపెట్టి సర్వర్ గురించి మాట్లాడుకుందాం.

సపోర్ట్ అయిపోతే ఆగిపోయేదేంటి?

విండోస్ సర్వర్ వెర్షన్లకి మైక్రోసాఫ్ట్ మామూలుగా ఐదేళ్లు మెయిన్‌స్ట్రీమ్ సపోర్ట్, ఆ తర్వాత ఇంకో ఐదేళ్లు ఎక్స్‌టెండెడ్ సపోర్ట్ ఇస్తుంది. మొదటి ఐదేళ్లలో ఫీచర్లు, బగ్ ఫిక్సులు, సెక్యూరిటీ ప్యాచ్‌లు అన్నీ వస్తాయి. రెండో ఐదేళ్లలో దాదాపుగా సెక్యూరిటీ ప్యాచ్‌లు మాత్రమే. మన చిన్న ఆఫీసుల్లో బాగా కనిపించే సర్వర్ 2016కి మెయిన్‌స్ట్రీమ్ 2022 జనవరి 11న ముగిసింది. ఎక్స్‌టెండెడ్ ముగిసే తేదీ 2027 జనవరి 12.

ఆ మర్నాడు ఏమవుతుంది? పైకి ఏమీ కాదు. సర్వర్ ఎప్పట్లాగే ఆన్ అవుతుంది, ట్యాలీ ఓపెన్ అవుతుంది, ప్రింటర్ నుంచి బిల్లు వస్తుంది. అసలు చిక్కు ఇక్కడే. ఏదో ఒకటి ఆగిపోతే అందరూ పట్టించుకుంటారు. ఏమీ ఆగకపోతే ఎవరూ పట్టించుకోరు.

లోపల జరిగేది వేరు. ప్రతి నెలా రెండో మంగళవారం మైక్రోసాఫ్ట్ ప్యాచ్‌లు వదులుతుంది. సర్వర్ 2016, 2019, 2022 వెర్షన్లలో చాలా కోడ్ ఉమ్మడిది. గడువు దాటాక 2022లో ఓ లోపాన్ని సరిచేస్తూ ప్యాచ్ వచ్చిందనుకోండి. ప్యాచ్‌కి ముందు, తర్వాత ఫైళ్లు పక్కపక్కన పెట్టి పోల్చి చూస్తే లోపం ఎక్కడుందో తెలిసినవాళ్లకి అర్థమైపోతుంది. అదే లోపం 2016లో కూడా ఉంటే? దానికి మందు రాదు. అంటే కొత్త వెర్షన్‌కి వచ్చే ప్రతి ప్యాచూ పాత సర్వర్ తలుపు ఎక్కడ తెరిచి ఉందో చెప్పే మ్యాప్‌లా తయారవుతుంది.

ఫోన్‌కైతే సపోర్ట్ పోయినా లినియేజ్ ఓఎస్ లాంటి కస్టమ్ రామ్ వేసుకుని ఇంకో రెండేళ్లు లాగించొచ్చు. విండోస్ సర్వర్‌కి అలాంటి దారి లేదు.

వానాక్రై నేర్పిన పాఠం

ఇది ఊహించి భయపెట్టడం కాదు. 2017 మార్చి 14న మైక్రోసాఫ్ట్ ఎస్ఎంబీ లోపానికి ప్యాచ్ ఇచ్చింది. ఎస్ఎంబీ అంటే ఆఫీసుల్లో ఫోల్డర్ షేరింగ్ నడిచేది దాని మీదే. దాదాపు రెండు నెలలకి, మే 12న, ఆ లోపాన్నే వాడుకుని వానాక్రై ర్యాన్సమ్‌వేర్ ప్రపంచమంతా పాకింది. బ్రిటన్‌లో ప్రభుత్వ ఆసుపత్రులు అపాయింట్‌మెంట్లు రద్దు చేసుకోవాల్సి వచ్చింది. మన దగ్గర ఆంధ్రప్రదేశ్ పోలీసు శాఖ కంప్యూటర్లు కూడా కొన్ని దెబ్బతిన్నాయి.

ప్యాచ్ చేతిలో ఉండి కూడా వేసుకోనివాళ్లకే రెండు నెలల్లో అంత జరిగింది. 2015 జూలై 14నే సపోర్ట్ పోయిన సర్వర్ 2003 వాడుతున్నవాళ్లకి దాడి మొదలయ్యే సమయానికి మామూలుగా అందుబాటులో ఉన్న ప్యాచే లేదు. పరిస్థితి చూసి మైక్రోసాఫ్ట్ అత్యవసరంగా వాటికీ ఇచ్చింది. ప్రతిసారీ అలా ఇస్తుందని నమ్ముకుని వ్యాపారం నడపలేం.

మీ డబ్బా ఏ లిస్టులో ఉంది?

సర్వర్ దగ్గరికి వెళ్లి, ఓనర్ పర్మిషన్ తీసుకుని, రన్ బాక్స్‌లో విన్‌వెర్ అని కొట్టండి. వెర్షన్ కనిపిస్తుంది. తర్వాత ఈ తేదీలతో పోల్చుకోండి:

- విండోస్ సర్వర్ 2012, 2012 ఆర్2: మామూలు సపోర్ట్ 2023 అక్టోబర్ 10. డబ్బు కట్టి తీసుకునే అదనపు సెక్యూరిటీ అప్‌డేట్లకి కూడా చివరి తేదీ 2026 అక్టోబర్ 13.
- విండోస్ సర్వర్ 2016: 2027 జనవరి 12
- విండోస్ సర్వర్ 2019: 2029 జనవరి 9
- విండోస్ సర్వర్ 2022: 2031 అక్టోబర్ 14
- విండోస్ సర్వర్ 2025: 2034 దాకా
- ఎస్‌క్యూఎల్ సర్వర్ 2014: 2024 జూలై 9
- ఎస్‌క్యూఎల్ సర్వర్ 2016: 2026 జూలై 14
- ఎస్‌క్యూఎల్ సర్వర్ 2017: 2027 అక్టోబర్ 12
- సెంట్ ఓఎస్ 7: 2024 జూన్ 30
- ఉబుంటు 20.04: స్టాండర్డ్ సపోర్ట్ 2025 మే

ఎస్‌క్యూఎల్ సర్వర్ లైన్లు చూసి "మా దగ్గర డేటాబేస్ ఏమీ లేదులే" అనుకోకండి. చాలా బిల్లింగ్, ఫార్మసీ, అటెండెన్స్ సాఫ్ట్‌వేర్లు ఇన్‌స్టాల్ అయ్యేటప్పుడే ఉచిత ఎక్స్‌ప్రెస్ ఎడిషన్‌ని వెనకాల వేసేస్తాయి. ఓనర్‌కి దాని పేరు కూడా తెలియదు. కంట్రోల్ ప్యానెల్‌లో ప్రోగ్రామ్స్ లిస్టు తెరిస్తే బయటపడుతుంది. ఎక్స్‌ప్రెస్ 2016లో ఒక్కో డేటాబేస్‌కి 10 జీబీ హద్దు ఉంటుంది. ఏళ్ల తరబడి బిల్లులు పడుతుంటే దానికి ఎంత దగ్గరగా వచ్చిందో కూడా ఈ పనిలో పనిగా చూసేయండి.

క్యాలెండర్‌ని వెనక నుంచి చదవండి

సర్వర్ 2016 గడువు 2027 జనవరి 12. మన దగ్గర దాని అర్థమేంటి? సంక్రాంతి ముందు వారం. బట్టల షాపైనా, కిరాణా హోల్‌సేల్ అయినా, ట్రాన్స్‌పోర్ట్ ఆఫీసైనా ఊపిరి సలపని రోజులు. ఆ వారంలో బిల్లింగ్ ఆపి సర్వర్ మారుద్దామంటే ఏ ఓనరూ ఒప్పుకోడు, ఒప్పుకోకూడదు కూడా. అంతకుముందు దసరా, దీపావళి సీజన్ ఉంటుంది. ఆడిట్ గడువులూ ఆ చుట్టుపక్కలే. గడువు దాటేశాక చూద్దామంటే మార్చి 31 ఇయర్ ఎండింగ్ వచ్చి కూర్చుంటుంది.

అందుకే తేదీని కాదు, ఖాళీని వెతకాలి. మీ వ్యాపారంలో ఏడాది మొత్తం మీద అతి తక్కువ బేరం ఉండే రెండు వారాలు ఏవో ఓనర్‌నీ, అకౌంటెంట్‌నీ అడగండి. ఆషాఢమే చాలా షాపులకి అలాంటి కాలం. నెలలో కూడా రోజులు చూస్కోవాలి. నెలవారీ ఫైలింగ్ చేసేవాళ్లకి జీఎస్టీఆర్-1కి 11వ తేదీ, జీఎస్టీఆర్-3బీకి 20వ తేదీ. కాబట్టి 20 దాటాక, నెలాఖరు హడావుడి మొదలవకముందు వచ్చే శనివారం సాయంత్రం నుంచి ఆదివారం రాత్రి వరకు. మీ విండో అదే.

ఆ వారాంతం నుంచి వెనక్కి లెక్కేస్తే:

- ఆరు నెలల ముందు: ఏమేం ఉన్నాయో లిస్టు. సాఫ్ట్‌వేర్ వెండర్లకి ప్రశ్నలు.
- నాలుగు నెలల ముందు: దారి ఎంచుకోవడం, కొటేషన్లు, బడ్జెట్.
- మూడు నెలల ముందు: హార్డ్‌వేర్, లైసెన్సుల ఆర్డర్.
- రెండు నెలల ముందు: టెస్ట్ మెషీన్ మీద రిహార్సల్. బ్యాకప్ తిరిగి తెచ్చి చూడటం.
- రెండు వారాల ముందు: స్టాఫ్‌కి చెప్పడం. ఆ రెండు రోజులు చేతి బిల్లు పుస్తకం సిద్ధం.

లిస్టులో మర్చిపోయేవే ముంచుతాయి

లిస్టు రాయమంటే అందరూ ట్యాలీ, బిల్లింగ్ రాస్తారు. సోమవారం పొద్దున్న గొడవ తెచ్చేవి మాత్రం వేరే ఉంటాయి: గోడకున్న వేలిముద్ర మెషీన్, సీసీటీవీ రికార్డింగ్ వెళ్లే ఫోల్డర్, షేర్డ్ ప్రింటర్, రాత్రి పది గంటలకి తనంతట తాను నడిచే బ్యాకప్ స్క్రిప్ట్, ట్యాలీ లైసెన్స్ ఏ మెషీన్ మీద యాక్టివేట్ అయ్యిందన్న వివరం.

వీటిలో పాత జెరాక్స్ మెషీన్ మీద ఓ కన్నేసి ఉంచండి. స్కాన్ చేసింది నేరుగా సర్వర్ ఫోల్డర్‌లోకి వెళ్లే పాత మెషీన్లలో చాలావాటికి ఎస్ఎంబీ మొదటి వెర్షనే వచ్చు. వానాక్రై దూరింది అందులోంచే. సర్వర్ 2019 నుంచి అది డిఫాల్ట్‌గా ఇన్‌స్టాల్ అవ్వదు. సర్వర్ మార్చగానే స్కానింగ్ ఆగిపోతుంది, "నువ్వేదో చేశావు" అని మీ మీద పడతారు. పాత ప్రోటోకాల్‌ని మళ్లీ ఆన్ చేయకండి. మెషీన్‌లో ఎఫ్‌టీపీ, ఈమెయిల్ ఆప్షన్ ఉందేమో, ఫర్మ్‌వేర్ అప్‌డేట్ ఉందేమో ముందే చూడండి.

ప్రతి సాఫ్ట్‌వేర్ వెండర్‌నీ ఒకటే ప్రశ్న అడగండి: "మీ ఇప్పటి వెర్షన్ సర్వర్ 2022, 2025 మీద నడుస్తుందా?" ఫోన్‌లో "నడుస్తుంది సార్" అంటే సరిపోదు. మెయిల్‌లో రాయించుకోండి. వెండర్ కంపెనీయే మూతపడి ఉంటే ఆ సంగతి గడువుకి ఆరు నెలల ముందు తెలియడం అదృష్టం.

నాలుగు దారులు, ఏది ఎవరికి?

1. ఉన్నదాని మీదే అప్‌గ్రేడ్. సర్వర్ 2016 నుంచి నేరుగా 2022కి గానీ, 2025కి గానీ వెళ్లొచ్చు. 2012 ఆర్2 నుంచి 2025కి కూడా నేరుగా దారి ఉంది. హార్డ్‌వేర్ కొత్తదై, పని ఫైల్ షేరింగ్ వరకే అయితే ఇది చాలు. అయితే సర్వర్ 2016తో పాటు కొన్న మెషీన్ అయితే దాని హార్డ్ డిస్కులు, పవర్ సప్లై కూడా అంతే ముసలివి. పాత ఇంజిన్‌కి కొత్త పెయింట్ వేసినట్టే.

2. కొత్త సర్వర్, తాజా ఇన్‌స్టలేషన్. యూజర్ లాగిన్లన్నీ సర్వర్ నుంచే నడిచే డొమైన్ ఆఫీసులకి ఇదే మంచిది. కొత్తదాన్ని రెండో డొమైన్ కంట్రోలర్‌గా చేర్చి, బాధ్యతలు మార్చి, అంతా బాగుందని తేలాకే పాతదాన్ని పద్ధతిగా తప్పించాలి. ఇక్కడ ఓ పాత గుంట ఉంది. ఆ డొమైన్ సర్వర్ 2003 కాలంలో మొదలై ఉంటే లోపల ఎఫ్ఆర్ఎస్ అనే పాత రెప్లికేషన్ ఇంకా ఉండొచ్చు. దాన్ని డీఎఫ్ఎస్ఆర్‌కి మార్చకుండా 2019, ఆ పై వెర్షన్ల డొమైన్ కంట్రోలర్‌ని చేర్చలేరు. 2025ని చేర్చాలంటే డొమైన్ ఫంక్షనల్ లెవెల్ కూడా కనీసం 2016 ఉండాలి.

లైసెన్స్ లెక్క కూడా తెలుసుకోవాలి. స్టాండర్డ్ ఎడిషన్‌కి కోర్ల లెక్కన కొనాలి, సర్వర్‌కి కనీసం 16 కోర్లు. దాంతో రెండు వర్చువల్ మెషీన్లు నడిపే హక్కు వస్తుంది. అంటే లాగిన్లకి ఒకటి, బిల్లింగ్‌కి ఒకటి విడగొట్టొచ్చు. కొటేషన్లలో తరచూ కనపడనిది క్యాల్, అంటే సర్వర్‌ని వాడే ప్రతి యూజర్‌కి లేదా డివైస్‌కి ఉండాల్సిన లైసెన్స్. 2016 క్యాల్‌లు 2022 సర్వర్‌కి పనికిరావు. పదిహేను మంది స్టాఫ్ ఉంటే ఆ ఖర్చు ముందే కలుపుకోండి.

3. సర్వరే వద్దనుకోవడం. మెయిల్, ఫైళ్లు క్లౌడ్‌లోకి, లోకల్ షేరింగ్‌కి ఓ నాస్ బాక్స్. ఐదారుగురు ఉన్న ఆఫీసుకి చాలాసార్లు ఇదే తెలివైన పని. మామూలు విండోస్ 11 పీసీనే సర్వర్‌లా వాడదామనుకుంటే దానికి ఒకేసారి 20 కనెక్షన్ల హద్దు ఉందని గుర్తుంచుకోండి. క్లౌడ్ అయితే నెలనెలా కట్టాలి. ఊళ్లో నెట్ పోతే బిల్లింగ్ ఎలా అన్నదానికి జవాబు ఉండాలి. నాస్‌కి కూడా సపోర్ట్ గడువు ఉంటుంది, కొనేముందే చూడండి.

4. లినక్స్. ఫైల్ షేరింగ్ మాత్రమే అయితే ఉబుంటు ఎల్‌టీఎస్ మీద సాంబాతో పని హాయిగా అయిపోతుంది. లైసెన్స్ ఖర్చు లేదు, ఐదేళ్లు స్టాండర్డ్ సపోర్ట్. కానీ మీరు ఉద్యోగానికి బెంగళూరు వెళ్లిపోయాక దాన్ని చూసుకునేదెవరు? ఈ ప్రశ్నకి పేరుతో సహా జవాబు ఉంటేనే ఈ దారి పట్టండి. ఇంకో మాట. సెంట్ ఓఎస్ 8కి 2029 దాకా సపోర్ట్ ఉంటుందని నమ్మినవాళ్లకి 2020 డిసెంబర్‌లో షాక్ తగిలింది. దాన్ని 2021 చివరికే ఆపేస్తున్నామని ప్రకటించారు. అలాంటివాళ్లకి ఆల్మా లినక్స్, రాకీ లినక్స్ దిక్కయ్యాయి. రాసి ఉన్న తేదీలు కూడా మారొచ్చు కాబట్టి ఏడాదికోసారి మళ్లీ చూసుకోండి.

2022నా, 2025నా? మీ సాఫ్ట్‌వేర్లన్నీ నడుస్తాయని వెండర్లు రాసిస్తే 2025. మూడేళ్లు ఎక్కువ వస్తాయి. ఒక్క ముఖ్యమైన సాఫ్ట్‌వేర్ 2022 దగ్గరే ఆగితే 2025ని వాల్యూమ్ లైసెన్స్‌లో తీసుకుని, డౌన్‌గ్రేడ్ హక్కుతో ఇప్పటికి 2022 నడపొచ్చు.

బ్యాకప్ ఉంది సరే, తిరిగి వస్తుందా?

3-2-1 సూత్రం మీకు తెలిసే ఉంటుంది: మూడు కాపీలు, రెండు రకాల మీడియా, ఒకటి ఆఫీసు బయట. సర్వర్‌కి ఎప్పుడూ గుచ్చి ఉండే ఎక్స్‌టర్నల్ డిస్కుని బ్యాకప్ కింద లెక్కేయకండి. ర్యాన్సమ్‌వేర్ వస్తే సర్వర్‌తో పాటు అదీ పోతుంది.

రిహార్సల్ అంటే బ్యాకప్ పూర్తయిందన్న మెసేజ్ చూడటం కాదు. వేరే పీసీ మీద డేటాని తిరిగి తెచ్చి, ట్యాలీలో కంపెనీ ఓపెన్ చేసి, అకౌంటెంట్‌ని పక్కన కూర్చోబెట్టి పోయిన నెల ట్రయల్ బ్యాలెన్స్ సరిపోయిందో లేదో చూడాలి. ఆ అంకె సరిపోయిందని ఆయన నోటితో అంటేనే బ్యాకప్ ఉన్నట్టు. దానికి ఎన్ని గంటలు పట్టిందో రాసుకోండి. ఆదివారం ఏదైనా తేడా కొడితే వెనక్కి తిరిగే సమయం ఎంతో అదే చెబుతుంది. "ఆదివారం సాయంత్రం నాలుగుకి బిల్లు రాకపోతే పాత సర్వర్‌కి వెళ్లిపోతాం" అని ముందే ఓ గీత గీసుకోండి. అర్ధరాత్రి అలసిపోయిన బుర్రతో తీసుకునే నిర్ణయాలు మంచివి కావు.

పాత డేటాని మాత్రం పారేయకండి. జీఎస్టీ చట్టం ప్రకారం లెక్కలు ఆ ఏడాది వార్షిక రిటర్న్ గడువు నుంచి 72 నెలలు దాచాలి. కంపెనీగా రిజిస్టర్ అయినవాళ్లు కంపెనీల చట్టం ప్రకారం ఎనిమిదేళ్లు. డిస్కు ఉంటే చాలదు, అందులోది తెరిచి చదవగలగాలి.

గడువులోపు కుదరకపోతే?

ఆ సర్వర్‌ని ఇంటర్నెట్ నుంచి విడదీయండి. ఇంటి నుంచి చూసుకోవడానికి రౌటర్‌లో రిమోట్ డెస్క్‌టాప్ పోర్ట్ 3389 తెరిచి పెట్టి ఉంటే ఈ రోజే మూసేయండి. ఇది సపోర్ట్ ఉన్న సర్వర్లకి కూడా వర్తిస్తుంది. బయటి నుంచి కావాలంటే వీపీఎన్. ఆ మెషీన్ మీద బ్రౌజర్, మెయిల్ వాడకూడదు. ఇదంతా తాత్కాలిక కట్టు మాత్రమే. ఏదైనా దాడి జరిగితే 2022 ఏప్రిల్ 28 నాటి సెర్ట్-ఇన్ ఆదేశాల ప్రకారం ఆరు గంటల్లోపు రిపోర్ట్ చేయాలన్నది కూడా ఓనర్‌కి తెలియాలి.

బాబాయ్‌ని ఒప్పించడం ఎలా?

ఎక్స్‌ప్లాయిట్, ప్యాచ్, ప్రోటోకాల్ అంటే ఆయన వినరు. ఆయన భాషలో అడగండి: "బాబాయ్, రోజుకి ఎంత బిల్లింగ్ అవుతుంది? మూడు రోజులు బిల్లు కొట్టలేకపోతే ఎంత పోతుంది? ఎవరు ఎంత బాకీ ఉన్నారో ఆ లిస్టే కనపడకపోతే ఎంత వసూలవుతుంది?" చివరి ప్రశ్న దగ్గర ఆయన ఆగుతారు. అరువు మీద నడిచే వ్యాపారంలో బాకీల లిస్టే ఆస్తి. అప్పుడు కొటేషన్ చూపించండి. ఐదేళ్లకి పంచి, నెలకి ఎంత పడుతుందో పక్కన రాసి ఇవ్వండి. షట్టర్‌కి తాళం కొనడానికి ఆయన ఎప్పుడూ వెనకాడలేదు కదా.

ఇంకొక్క మాట మన గురించి. ఫోన్ రూట్ చేసి, బూట్‌లూప్ అయితే మళ్లీ ఫ్లాష్ చేసుకునే ధైర్యం మనకి ఉంది. ఆ ఫోన్ మనది కాబట్టి. ఈ డబ్బాలో పదిహేను మంది జీతాల లెక్కలున్నాయి. లిస్టు రాయడం, తేదీలు పట్టుకోవడం, వెండర్లని అడగడం, బ్యాకప్ రిహార్సల్ చేయించడం మీరు బ్రహ్మాండంగా చేయగలరు. డొమైన్ మార్పిడి లాంటివి ఇంతకుముందు చేసిన అనుభవం ఉన్నవాళ్లకి డబ్బులిచ్చి చేయించండి, మీరు పక్కనుండి నేర్చుకోండి. ఏమేం చేశారో, పాస్‌వర్డులు ఎక్కడున్నాయో రెండు పేజీల్లో రాసి ఓనర్ బీరువాలో పెట్టించండి.

ఈ ఆదివారం పెట్టుకోవాల్సిన పని చిన్నదే. షాపుకి వెళ్లండి, విన్‌వెర్ కొట్టండి, కనిపించిన వెర్షన్‌నీ దాని గడువు తేదీనీ ఓ తెల్ల కాగితం మీద పెద్ద అక్షరాలతో రాసి ఆ డబ్బా మీదే అతికించండి. రోజూ కళ్లబడే తేదీని ఎవరూ ఎక్కువ కాలం వాయిదా వేయలేరు.